దున్నపోతు గొంతు

నేను వాగుడుకాయని. పుట్టింట్లో అనేవాళ్ళు, మెట్టింట్లోనూ అన్నారు. ఉన్నమాటే కదా, నాకెప్పుడూ కోపం రాలేదు. అలాంటిదాన్ని ఇప్పుడు కూర్చుని కాగితం మీద రాస్తున్నానంటే ఎంత గతిలేక రాస్తున్నానో మీరే అర్థం చేసుకోండి. నోటితో చెప్పగలిగితే చేతులు తిప్పుతూ, మధ్యమధ్యలో మా అత్తని నాలుగు అంటూ, అరగంటలో తేల్చేసేదాన్ని.

ఆ వానాకాలం నాటికి ఆరేళ్ళుగా నేనొక దున్నపోతుని. పిల్లల టీవీలో 'బురదగుంట' అని ఒక బొమ్మల బ్యాండు వచ్చేది. గిటారుకి గబ్బిలం, బేసుకి మొసలి, డ్రమ్ములకి తాబేలు, పాటకి దున్నపోతు. నలుగురూ మెటల్ అని, చెవులు చిల్లులు పడే సంగీతం వాయిస్తూ ఊళ్ళు తిరుగుతారు. ఎక్కడ వాయించినా ఏదో ఒకటి కూలిపోతుంది. అదీ కథ. దున్నపోతు నోరు తెరిచి పాతాళంలోంచి వచ్చినట్టు గర్జిస్తే పిల్లలు కుర్చీల మీంచి దొర్లి నవ్వేవాళ్ళు. ఆ గర్జన నాది. ఐదడుగులు కూడా లేని మనిషిని, బస్సులో పై కడ్డీ అందదు. కింద పేర్లు వేసేటప్పుడు మాత్రం 'గానం: దున్నపోతు' అనే వేసేవారు.

మా ఆయన ఆ బొమ్మలు చేసే ఆఫీసులోనే మూతులు గీసేవాడు. వేళాకోళం కాదు, నిజంగా అదే ఆయన ఉద్యోగం. 'ఆ' అంటే ఒక మూతి, 'ఊ' అంటే ఒక మూతి, 'మ' దగ్గర మూసుకున్న మూతి, అలా మొత్తం ఎనిమిది. నేను పాడింది విని, ఏ అక్షరానికి ఏ మూతి పడాలో చూసుకుని దున్నపోతుకి అతికించాలి. "పెళ్ళాం నోటివంక ఇంత శ్రద్ధగా చూసే మగాడు లోకంలో నేనొక్కణ్ణే" అని అందరికీ చెప్పుకునేవాడు.

ఇంట్లో మూడో మనిషి మా అత్త. ఆవిడకి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి ఉందంటే ఉంది. కొడుకు మాట వినపడదు, పక్కింటివాళ్ళ మాట వినపడదు. నా మాట మాత్రం వినపడేది. "నీ గొంతొక్కటే నా చెవికెక్కుతుందే గంపగయ్యాళీ" అనేది. పొద్దున లేచింది మొదలు మేమిద్దరం పోట్లాడుకునేవాళ్ళం. కూరలో ఉప్పు గురించి, ఆరేసిన బట్టల గురించి, అన్నిటికంటే ఎక్కువగా ఆవిడ రక్తపోటు మాత్ర గురించి.

"మాత్ర వేసుకున్నారా అత్తయ్యా?"

"వేసుకున్నాలే, నస పెట్టకు."

తర్వాత పరుపు దులిపితే ఆ మాత్ర కింద పడేది. నా ఉద్యోగం ఆవిడకి తలవంపులు. కోడలు ఆఫీసులో కాగితాలు రాస్తుందని ఇరుగుపొరుగుకి చెప్పుకునేది. "దున్నపోతులా అరిచేది కూడా ఒక పనేనా? ఆడదాని గొంతేనా అది?" అని నన్ను మాత్రం రోజూ అడిగేది.

తొలకరి పడిన వారానికే టీవీవాళ్ళు మా కార్యక్రమం ఆపేశారు. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారట, చూడట్లేదట. మా ఓనరు పదకొండుమందినీ గీత బల్లల దగ్గర నిలబెట్టి చెప్పాడు. "ఒక్క దారి ఉంది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి ఇప్పుడు నిజం మెటల్ వింటున్నారు. బురదగుంటతో నిజం ఆల్బం చేద్దాం. తొమ్మిది పాటలు, ప్రతి పాటకీ బొమ్మలు. వానలు వెనకబట్టేలోపు చూపిస్తే మళ్ళీ తీసుకుంటామన్నారు. లేకపోతే తాళమే."

ఆల్బం పేరు 'పిడుగు మేత'. ఇదివరకు నేను అరిచేది రెండేసి ముక్కలు, నవ్వులాటకి. ఇది అలా కాదు. నలభై రెండు నిమిషాల పాట, అందులో వెటకారం ఒక్క ముక్క లేదు. దున్నపోతు మందలోంచి తప్పిపోతుంది, వానలో నిలబడుతుంది, పిడుగుని తిని బతుకుతుంది. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు పాటంతా గుసగుసగా పాడి రికార్డు చేస్తాం. దాన్ని గైడు అంటారు. గీసేవాళ్ళు ఆ గైడు విని మూతులు గీస్తారు. అసలు గొంతు చివర్లో, తెర మీద ఆ మూతిని చూస్తూ, సరిగ్గా అతికేలా పెట్టాలి. గర్జనని దాచుకోవడానికే గైడు గుసగుసగా పాడతాం. మాలో ఎవరికి గొంతు రాసుకున్నా గుసగుసల్లోకి దిగిపోతాం. మా లెక్కలో గుసగుస అంటే విశ్రాంతి.

ఐదు పాటల గైడు అయింది, మూతులు అయ్యాయి, అసలు గొంతు మొదలుపెట్టాం. ఐదో పాట చివర నోట్లో తుప్పు రుచి తగిలింది. బేసిన్‌లో ఉమ్మితే ఎర్రగా ఉంది. నీళ్ళు వదిలేసి ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళేసరికి మా ఆయన అడిగాడు. "ఐదో పాటలో 'మ' దగ్గర నీ పెదాలు ఆలస్యంగా మూసుకుంటున్నాయి. మింగుతున్నావు. ఏం మింగుతున్నావు?" మూతులు గీసేవాణ్ణి చేసుకుంటే దొంగతనాలు దాగవు.

గొంతు డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించింది. రెండు తెల్లటి తీగలు, ఒకదాని మీద రక్తపు బొబ్బ. "ఇది దానంతటదే తగ్గుతుంది, మీరు తగ్గనిస్తే. మూడు వారాలు మాట్లాడకండి." నేను బుద్ధిగా తలూపాను. ఆవిడ ముందు నోరు మెదపకూడదని అంత భయభక్తులతో ఉన్నాను. అప్పుడే గుసగుసగా "సరేనండి" అని ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది.

ఆ మూడు వారాలూ నేను చాలా నిష్ఠగా ఉన్నాను. ఒక్క మాట గొంతెత్తి అనలేదు. అంతా గుసగుసే. మిగిలిన నాలుగు పాటల గైడు గుసగుసగా పాడేశాను. ఫోన్లో గుసగుస, కూరగాయల కొట్లో గుసగుస. నన్ను చూసి మా ఆయనా గుసగుసలాడేవాడు, దొంగల్లా బతికాం. మా అత్త చెవి దగ్గరకొచ్చేసరికి ఏం చెయ్యాలి? ఎడమ చెవికి నోరు ఆనించి, మెడనరాలు తేలేలా గుసగుసలాడేదాన్ని. 'మాత్ర వేసుకున్నారా' అన్న రెండు ముక్కలకి చెమట పట్టేది.

"ఏంటే, పాములా బుస కొడతావు? నోరు పడిపోయిందా? ఒకటి అంటే వంద అనేదానివి."

"గొంతు బాలేదత్తయ్యా, మూడు వారాలు."

"ఆ?"

"గొంతు. బాలేదు."

"అలిగావా? అలుగు. ఎన్నాళ్ళు అలుగుతావో నేనూ చూస్తా."

తిట్టినా జవాబు చెప్పేవాళ్ళు లేక ఆవిడ కూరలో తనే ఉప్పు ఎక్కువ వేసి నావంక చూసేది. నేను నోరుమూసుకుని తినేదాన్ని. ఆవిడ కంచం తోసేసి లేచిపోయేది.

మూడు వారాలయ్యాక డాక్టరమ్మ మళ్ళీ గొట్టం పెట్టి చాలాసేపు చూసింది. "మాట్లాడారా?"

"లేదండి. ఒక్క మాట కూడా" అన్నాను గుసగుసగా, కాస్త గర్వంగానే.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఇప్పుడు చేసిందేంటి?"

"ఇది గుసగుసే కదండీ."

"మూడు వారాలూ ఇలాగేనా?"

మా ఆయనవంక చూశాను. ఆయన నేలవంక చూస్తున్నాడు.

"మామూలుగా మాట్లాడి ఉన్నా ఇంతకంటే నయంగా ఉండేది. ఇలా బిగబట్టి ఊదితే ఆ రెండు తీగలూ గీరుకుపోతాయి." ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "మూడు నెలలు. గుసగుస కూడా వద్దు, పలకా బలపం కొనుక్కోండి. ఈలోపు అరిచారంటే తర్వాత నా దగ్గరకొచ్చినా నేను చేసేదేమీ ఉండదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పలక కొన్నాను. ఇంకా నాలుగు పాటలున్నాయి, నెలే గడువు.

ఓనరు ఒక గెడ్డం మనిషిని తీసుకొచ్చాడు. ఎక్కడో నిజం బ్యాండులో పాడతాడట, గొంతు బాగానే ఉంది. అబద్ధమెందుకు, నాకంటే లోతు. కానీ మూతులు నావి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ కాకుండా ముక్క మధ్యలో తీసుకుంటాను నేను, అది నా పాడు అలవాటు. దున్నపోతు కూడా అలాగే తీసుకుంటుంది. ఆ మనిషి గొంతు ముందు, దున్నపోతు నోరు వెనక. రెండు రోజులు చచ్చీచెడీ చేసి అతను తలుపు తీసుకుని బయటికొచ్చాడు. "ఇది ఎవరి నోరండీ? దీంట్లో నేను పట్టను" అన్నాడు. పాపం మంచివాడే. మూతులన్నీ మళ్ళీ గీయాలంటే నెల పైనే పడుతుంది.

ఓనరు నన్ను పిలవలేదు. ఎదురుపడితే, "నిన్ను అడగనమ్మా. అడిగే మొహం నాకు లేదు" అని వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే కుదరదనేదాన్నేమో. పదకొండుమందీ నావంక చూడకుండా గీసుకుంటూ ఉంటే, అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నేను. అందరి పొట్ట కోసం ఒప్పుకున్నానని తర్వాత చాలామంది అన్నారు. అది సగమే నిజం. ఆ గెడ్డం మనిషి అద్దం వెనక నా దున్నపోతు నోట్లోంచి అరుస్తుంటే నాకు కడుపు మండిపోయింది. నా పేరు ఎక్కడా లేదు, నా మొహం ఎక్కడా లేదు. ఆ అరుపొక్కటే నాది. దాన్ని ఇంకొకరికి ఇవ్వడం నావల్ల కాలేదు. నాకు చాలా భయంగా ఉండేది. రోజూ పొద్దున్నే లేచి గొంతు ఉందో లేదో చూసుకోవాలనిపించేది, చూసుకోకూడదు కదా, మింగి ఊరుకునేదాన్ని.

మా ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు పాడితే నేను పెన్సిల్ పట్టుకోను" అన్నాడు.

'గీసేశావుగా' అని పలక మీద రాశాను.

"చింపేస్తా."

'చింపు' అని రాశాను.

ఆయన మూతుల కట్ట తీసుకుని, చింపబోయి, అంచులు సరిచేసి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆరు వందల కాగితాలు, అన్నీ నా నోళ్ళే. "బొమ్మ నోరు ఖాళీగా ఉంటే చూస్తాను. నీ నోరు ఖాళీగా ఉంటే నేనెలా చూడను?" అన్నాడు. నేను పలక తుడిచేశాను.

మూడు పాటలు రెండు రోజుల్లో అయిపోయాయి. ముక్కముక్కకీ ఆవిరి పట్టుకుంటూ, వేణ్ణీళ్ళు మింగుతూ చేశాను. మిగిలింది తొమ్మిదోది, 'కొమ్ము విరిగినా'.

మా రికార్డింగు గది రేకుల షెడ్డు. వాన పడితే పని ఆగాలి, రేకుల చప్పుడు మైకులోకి వస్తుంది. ఆ మూడో రోజు పొద్దున దంచి కొడుతోంది. అద్దం అవతల రికార్డింగు అన్న యంత్రం ముందు, పక్కనే మూతుల చీటీతో మా ఆయన, ఇవతల మైకు ముందు నేను, ముగ్గురం వానకేసి చెవులు పెట్టి కూర్చున్నాం. పదకొండు దాటింది. అది అత్త మాత్ర వేళ. మా ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, మాత్ర" అని నాలుగుసార్లు అన్నాడు. ఆవిడ "ఎవరు, ఎవరూ" అని పెట్టేసింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. ముందురోజు ఆవిడ కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది.

నేను తలుపు తీసి ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాను. ఆయన వద్దన్నాడు. లాక్కుని మళ్ళీ మైకు గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. అప్పుడే వాన సన్నగిల్లింది. నెల పైబడ్డాక మొదటిసారి నా సొంత గొంతుతో, మామూలుగా, గట్టిగా, ఇంట్లో అరిచినట్టు అరిచాను. కాస్త బొంగురుగా వచ్చింది గానీ వచ్చింది. అవతల ఆవిడ వింది. ఏదో అంది. నేనూ ఏదో అన్నాను. ఫోన్ పెట్టేశాను. లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

వాన ఆగింది. అన్న చెయ్యి ఎత్తాడు. తెర మీద దున్నపోతు కొండకొమ్మున నిలబడి నోరు తెరిచింది. నేనూ తెరిచాను. నాలుగు నిమిషాలు, ఎక్కడా ఆపలేదు. చివర ఒక పొడుగాటి గర్జన ఉంది, పిడుగు దున్నపోతు నోట్లో పడేటప్పుడు. దాన్ని బొమ్మ నోరు మూసేదాకా లాగాను. అంత బాగా నేనెప్పుడూ అరవలేదు. నొప్పి కూడా లేదు.

అన్న నవ్వుతూ బొటనవేలు చూపించాడు. "జాగ్రత్త కోసం ఇంకోటి చేద్దామా అన్నా?" అని అడిగాను.

అన్న తల వంచి ఏదో మీట తిప్పాడు. "చెల్లెమ్మా, నీ మైకు రావట్లేదు. ఏదన్నా అను."

అన్నాను.

"రావట్లేదు. ఉండు, వైరు కదిలినట్టుంది." అతను బల్ల కిందికి దూరి వైర్లు ఒక్కొక్కటే పీకి మళ్ళీ పెట్టాడు. "ఇప్పుడు?"

ఇప్పుడు కూడా అన్నాను. అద్దం అవతల మా ఆయన నా పెదాలవంకే చూస్తున్నాడు. చేతిలో చీటీ పక్కన పెట్టాడు. వంగి, బల్ల కింద ఉన్న అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "వైరు బాగానే ఉంది, వచ్చెయ్" అన్నాడు.

ఆ అరుపు తెంపిందో, అంతకుముందు ఫోన్లో కేక తెంపిందో డాక్టరమ్మ చెప్పలేకపోయింది. తీగ చీలిందనీ, మచ్చ కడుతుందనీ, గాలి తప్ప ఇంకేమీ రాకపోవచ్చనీ చెప్పింది. ఫోన్ సంగతి అత్తకి మేము చెప్పలేదు.

మా ఆయనతో నాకు ఇబ్బంది లేదు. పెదాలు కదిపితే చాలు, ఎనిమిది మూతులూ ఆయనకి కంఠస్థం. చీకట్లో తప్ప ఎక్కడైనా నా మాట ఆయనకి వినపడుతుంది. అత్తకి అలా కాదు. చదువు రాదు, పలక పనికిరాదు. చూపు మందగించింది, పెదాలు కనపడవు. నేను అలిగానన్న మాటే పట్టుకు కూర్చుంది. కొడుకు చెవిలో అరిచి అరిచి విషయం చెప్పాడు. "దాని గొంతు పోవడమా? ఊరంతటి గొంతు. నేను నమ్మను. పంతం. నన్ను సాధిస్తోంది" అంది. నేనెదురుగా నిలబడి చేతులు జోడించాను, గొంతు చూపించాను. మొహం తిప్పేసుకుంది.

ఆ పంతానికి ఆవిడా పంతం పట్టింది. మాత్రలు మానేసింది. ఇదివరకు దాచుకునేది, ఇప్పుడు నా కళ్ళెదుటే చెంబులో వేసేది. "నోరు తెరిచి అడుగు, వేసుకుంటా" అనేది. తిట్టేది, రెచ్చగొట్టేది, నా పుట్టింటివాళ్ళని ఒక్కొక్కళ్ళనే ఎత్తుకునేది. నేను జవాబు చెప్తానని ఆగేది. ఆ ఆగడం ఉందే, దాన్ని నేను తట్టుకోలేకపోయేదాన్ని. దున్నపోతు మీద వాన కురిసినట్టు నిలబడాల్సి వచ్చేది. రెండుసార్లు పడిపోయింది. రెండోసారి మేము ఆస్పత్రికి మోసుకెళ్ళాం. నేను రోజంతా మాత్రా గ్లాసూ పట్టుకుని ఆవిడ వెనక తిరిగేదాన్ని. వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. ఏడుపుకి కూడా చప్పుడు లేదు.

ఆల్బం వచ్చింది. జనానికి నచ్చింది. ఆఫీసు నిలబడింది, టీవీవాళ్ళు మళ్ళీ తీసుకున్నారు. కొత్త కార్యక్రమానికి ఆ గెడ్డం మనిషి దున్నపోతయ్యాడు. మా ఆయన అతని నోటికి మూతులు గీస్తున్నాడు. ఆల్బం అట్ట మీద నాలుగు జంతువులూ, వాటి పేర్లూ ఉన్నాయి.

చలికాలం మొదలైన వారంలో రికార్డింగు అన్న ఇంటికొచ్చి డిస్కు ఇచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "ఆ రోజు వాన ఆగుతుందేమోనని యంత్రం ఆపలేదు చెల్లెమ్మా. అంతా ఎక్కింది. చివరి పాట అయ్యాక కాసేపు ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక ముక్క ఉంచేశాను. ఓనరుకి తెలీదు." కూర్చోమన్నా కూర్చోలేదు.

మా ఆయన డిస్కు పెట్టాడు. అత్తకి వినపడాలని సౌండు పూర్తిగా పెంచాడు. కిటికీ అద్దాలు అదిరాయి. ఆవిడ మంచం మీద చెవులు మూసుకుని, మొదటి పాట నుంచి శాపనార్థాలు మొదలుపెట్టింది. "ఆపరా, ఆ దున్నపోతు గోల నాకెందుకు." తొమ్మిది పాటలూ తిడుతూనే వింది. ఆఖరి గర్జన అయిపోయింది. ఆవిడ చెవుల మీంచి చేతులు తీసింది.

"అత్తయ్యా, మాత్ర వేసుకున్నారా? తెల్లది కాదు, గులాబీ రంగుది. గులాబీ. అబద్ధాలు చెప్పకండి, పరుపు కింద చూస్తాను. వేసుకోండి, వచ్చేస్తున్నా."

ఆవిడ తల తిప్పి ముందు గుమ్మంవంక చూసింది. తర్వాత వంటింటివంక చూసింది. తర్వాత మంచం పక్కనే నిలబడి ఉన్న నావంక చూసింది. చెయ్యి చాచి నా గొంతు మీద పెట్టి, "ఏదీ, అను" అంది.

అన్నాను. ఆవిడ వేళ్ళ కింద ఏమీ కదల్లేదు.

"వేసుకోలేదే" అంది. ఆరేళ్ళలో మొదటిసారి నిజం చెప్పింది. నేను గులాబీ మాత్ర చేతిలో పెట్టాను.

అప్పట్నుంచి రోజూ పదకొండుకి మా ఇంట్లో 'పిడుగు మేత' మోగాల్సిందే. పక్కింటివాళ్ళు గొడవకొస్తే, కాగితాలు రాసే ఉద్యోగం కాదనీ, అది మా కోడలి గొంతనీ గుమ్మంలో నిలబడి చెప్పింది. మా ఆయన ఒక మీట చూపించాడు. "అమ్మా, ఇది నొక్కితే నేరుగా చివరికి వెళ్ళిపోతుంది. ఈ గోలంతా వినక్కర్లేదు."

"అదంతా ఎవరు అరిచారురా, మీ బాబా? అదీ నా కోడలేగా. మొదట్నుంచీ పెట్టు" అంది.

అందుకని నలభై రెండు నిమిషాలూ వింటుంది. అలవాటు పోలేదు, మధ్యమధ్యలో తిడుతుంది. చివర్లో నేను అడుగుతాను. "వేసుకుంటున్నానే తల్లీ, అరవకు" అని ఆ పెట్టెకి జవాబు చెప్తుంది. నేను పక్కనే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటాను.